విద్యుత్ మార్గమునకు నేల ఎంత కావలెను?

హైదరాబాదు నగరపు తూర్పు భాగమున లాలాపేట కలదు. దాని పరిసరములలో తార్నాక, మౌలాలీ, నాచారము పారిశ్రామికవాడ ఉన్నవి. ఈ ప్రాంతమున రైలు పట్టాలపైన 25 కిలోవోల్టుల తీగ పోవుచుండును. వీధులలో స్తంభములమీద 11 కిలోవోల్టుల తీగలు పోవుచుండును. ఇండ్లలో 230 వోల్టుల దీపములు వెలుగుచుండును. లాలాపేటలో ఒక విద్యార్థి రాత్రి చదువుకొనుటకు మీట నొక్కెను. దీపము వెలిగెను. ఈ కరెంటు ఎచ్చటినుండి వచ్చినదని అడిగినచో, వీధిలోని స్తంభమునుండి వచ్చినదని అతడు చెప్పవచ్చును. అది తప్పు కాదు గాని, పూర్తి సమాధానము కూడ కాదు.

ఆ కరెంటు రామగుండములో బొగ్గు మండుటవలన పుట్టి యుండవచ్చును. నాగార్జునసాగరము వద్దనో, శ్రీశైలము వద్దనో కృష్ణా జలముల వేగమునుండి పుట్టి యుండవచ్చును. అచ్చటినుండి లాలాపేట చేరులోగా అది ఎన్నో గ్రామముల చేలమీదుగా వచ్చినది. ఆ చేలను ప్రభుత్వము కొన్నదా? కొననిచో, ఏ హక్కుతో వాటిపై తీగ లాగినారు? రైతునకు ఏమి ఇచ్చినారు? ఈ ప్రశ్నలకు సమాధానము కొంత భౌతికశాస్త్రమునందును, కొంత చట్టమునందును కలదు. రెండింటిని కలిపి చూచినగాని విషయము బోధపడదు.

ఊరిలో పుట్టిన కరెంటు, దూరమునుండి వచ్చిన కరెంటు

నిజాము పరిపాలనలో 1920వ సంవత్సరమున హుస్సేన్‌సాగరము ఒడ్డున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము నెలకొల్పబడినది. కాలక్రమమున దాని శక్తి 22.5 మెగావాట్లకు చేరినది. కరెంటు ఊరిలోనే పుట్టి ఊరిలోనే ఖర్చయ్యెడిది. తీగలు పొట్టివి, పీడనము తక్కువ. అందుచేత నేల సమస్య కూడ చిన్నదే. ఆ కేంద్రము తన పని ముగించిన పిదప 1995లో తొలగింపబడినది.

ఇప్పటి అవసరము వేరు. 2023 మార్చి 30వ తేదీన తెలంగాణ రాష్ట్రమంతటి గరిష్ఠ విద్యుత్ వాడకము 15,497 మెగావాట్లకు చేరినది. హుస్సేన్‌సాగరపు కేంద్రము వంటివి దాదాపు 690 ఉన్నగాని ఆ అవసరము తీరదు. ఇంత శక్తిని నగరము నడుమ పుట్టించుట సాధ్యము కాదు. బొగ్గు గనులున్న చోట, నదులున్న చోట, ఎండ బాగుగ కాయు బీడు భూములున్న చోట పుట్టించి, తీగలద్వారా నగరమునకు తేవలెను. రామగుండములోని జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థవారి కేంద్రమున మొదటి యూనిటు 1983లో పనిచేయ నారంభించినది. ఆ కేంద్రము తరువాత 2,600 మెగావాట్లకు పెరిగినది. అచ్చటినుండి హైదరాబాదునకు సూటిగా కొలిచినను దాదాపు 180 కిలోమీటర్లు.

ఈ దూరములో 400 కిలోవోల్టుల మార్గము ఒకటి వేయుదుమనుకొందము. సుమారు 400 మీటర్ల కొక టవరు చొప్పున 450 టవర్లు కావలెను. ఒక్కొక్క టవరు నాలుగు కాళ్ల నడుమ 15 మీటర్ల చదరపు నేల పట్టుననుకొన్నచో, అన్ని టవర్లకును కలిపి 25 ఎకరములు చాలును. అయితే 400 కిలోవోల్టుల తీగల క్రింద నిబంధనల ప్రకారము 46 మీటర్ల వెడల్పుగల దారి ఉండవలెను. 180 కిలోమీటర్ల పొడవున ఆ దారి వైశాల్యము దాదాపు 2,045 ఎకరములు! టవరు త్రొక్కిన నేల ఇరువదియైదు ఎకరములు, తీగ నీడ పడిన నేల రెండువేల ఎకరములు. ఈ రెండు అంకెలకు నడుమనున్న తేడాయే ఈ వ్యాసమున ముఖ్యవిషయము.

పీడనము ఎందుకు పెంచవలెను?

ఇంత వెడల్పు దేనికి? పీడనము తగ్గించి, తీగలను చిన్న స్తంభములమీద కట్టి తేరాదా? దీనిని ఒక చిన్న లెక్కతో చూడవచ్చును.

విద్యుచ్ఛక్తి పరిమాణము పీడనమును ప్రవాహముచే గుణించిన వచ్చును. తీగలో వేడిగా మారి నష్టమగు శక్తి మాత్రము ప్రవాహపు వర్గమును తీగ నిరోధముచే గుణించిన వచ్చును. సులభముగా నుండుటకై ఒకే జత తీగల మార్గమును తీసికొందము. దాని నిరోధము మొత్తము 10 ఓములు అనుకొందము. పంపవలసిన శక్తి 100 మెగావాట్లు.

పీడనము 66 కిలోవోల్టులైనచో ప్రవాహము దాదాపు 1,515 ఆంపియర్లు. నష్టము 23 మెగావాట్లు. అనగా పంపినదానిలో దాదాపు నాల్గవ వంతు దారిలోనే గాలిలో కలియును. పీడనము 220 కిలోవోల్టులైనచో ప్రవాహము 455 ఆంపియర్లు. నష్టము 2 మెగావాట్లు మాత్రమే. పీడనము 22 కిలోవోల్టులకు దించినచో లెక్క ప్రకారము నష్టము దాదాపు 207 మెగావాట్లు రావలెను. పంపదలచినది 100 మెగావాట్లే గనుక, ఆ పీడనముతో ఆ పని అసలే సాధ్యము కాదని దీని అర్థము.

కాబట్టి దూరము పెరిగినకొలది పీడనము పెంచక తప్పదు. పీడనము పెరిగినకొలది తీగకు, మనిషికి, చెట్టునకు, ఇంటికి నడుమ గాలి ఖాళీ ఎక్కువగా విడువక తప్పదు. తీగకు పైపూత లేదు. చుట్టునున్న గాలియే దానికి రక్షణ.

ముప్పదియైదు మీటర్ల లెక్క

220 కిలోవోల్టుల మార్గమునకు 35 మీటర్ల వెడల్పు దారి నిర్ణయింపబడి యున్నది. 132 కిలోవోల్టులకు 27 మీటర్లు. ఈ అంకెలు ఎవరో కాగితముమీద ఊరక వ్రాసినవి కావు. 35 ఎట్లు వచ్చునో విద్యార్థులు స్వయముగా సుమారు లెక్క వేయవచ్చును.

రెండు టవర్ల నడుమ తీగ బిగువుగా సరళరేఖవలె నిలువదు. కొంత క్రిందికి వ్రేలాడును. ఆ లోతు కనుగొనుటకు సూత్రము సులభమైనది. మీటరు తీగ బరువును టవర్ల నడుమ దూరపు వర్గముచే గుణించి, తీగ బిగువునకు ఎనిమిది రెట్లచే భాగింపవలెను. మధ్య ఉక్కుపోగులు, చుట్టును అల్యూమినియపు పోగులు పేనిన తీగ మీటరు బరువు 1.62 కిలోగ్రాములు, దూరము 350 మీటర్లు, బిగువు 2,800 కిలోగ్రాములు అనుకొన్నచో, తీగ దాదాపు 9 మీటర్లు వ్రేలాడును. వేసవిలో ఎండ వేడిమికిని, తనలో ప్రవహించు కరెంటు వేడిమికిని అల్యూమినియము సాగి, తీగ ఇంకను క్రిందికి దిగును. ఎంత దిగినను నేలకు 7 మీటర్ల ఎత్తున ఉండవలెనని 220 కిలోవోల్టులకు నియమము.

ఇప్పుడు గాలి వీచుననుకొందము. ఉయ్యాల ఊగినట్లు తీగ ప్రక్కకు ఊగును. తీగ వ్రేలాడు 9 మీటర్లకు, దానిని పట్టుకొన్న పింగాణీ గిన్నెల వరుస పొడవు 2.3 మీటర్లు కలిపినచో 11.3 మీటర్ల ఉయ్యాల యగును. అది 35 డిగ్రీలు ఊగినచో ప్రక్కకు 6.5 మీటర్లు పోవును. టవరు నడిమి గీతనుండి దాని చేయి కొన వరకు సుమారు 5 మీటర్లు. ఊగిన తీగకు, ప్రక్కనున్న కట్టడమునకు నడుమ 220 కిలోవోల్టులకు 3.8 మీటర్ల ఖాళీ ఉండవలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి భద్రతా నియమములు చెప్పుచున్నవి. ఈ మూడును కలిపిన 15.3 మీటర్లు. రెండు ప్రక్కలకును 30.6 మీటర్లు. పెనుగాలికిని, పొరపాటునకును మరికొంత విడిచినచో 35 మీటర్లు!

దీనివలన తెలియున దేమనగా, తీగ క్రింది నేల ఖాళీగా కనబడినను నిజముగా ఖాళీ కాదు. దానిపైనున్న గాలి అంతయు పనిలో ఉన్నది. రైతు ఆ నేలలో వరి వేయవచ్చును, ప్రత్తి వేయవచ్చును, పశువులను మేపవచ్చును. కాని టేకు, మామిడి, కొబ్బరి వంటి ఎత్తైన చెట్లు పెంచరాదు. ఇల్లు కట్టరాదు. బోరు త్రవ్వు యంత్రము తన స్తంభమును పైకి లేపినచో ప్రాణములకే ముప్పు. ముండ్లతీగల కంచె వేసినచో దానిలో ప్రేరణవలన విద్యుత్తు పుట్టవచ్చును గనుక, దానిని భూమికి కలుపవలెను. అనగా నేల యజమానిదే, కాని దాని వినియోగము సగము పరాధీనము.

నేలను తీసికొను రెండు విధములు

చట్టము ఈ విషయమున రెండు దారులు చూపుచున్నది.

విద్యుత్కేంద్రమునకును, ఉపకేంద్రమునకును నేల పూర్తిగా కావలెను. అచ్చట పరివర్తకములు నిలుపవలెను, కంచె వేయవలెను. ఇట్టి నేలను సంస్థ కొనవలెను, లేదా ప్రభుత్వము సేకరించి ఇవ్వవలెను. యాజమాన్యము చేతులు మారును. హైదరాబాదు సంస్థానమున దీనికై 1309 ఫసలీ నాటి భూసేకరణ చట్టముండెడిది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1894 నాటి చట్టము తెలంగాణకును వర్తించినది. 2014 జనవరి 1వ తేదీనుండి 2013 నాటి కొత్త చట్టము అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము మార్కెటు విలువను పట్టణములలో ఒక రెట్టుగను, గ్రామములలో ఒకటి మొదలు రెండు రెట్ల వరకును లెక్కించి, దానికి అంతే మొత్తము ఓదార్పు పరిహారముగా కలుపవలెను. చెట్లు, బావులు, కట్టడముల విలువ అదనము. ప్రైవేటు కంపెనీకి నేల సేకరించునప్పుడు నూటికి 80 మంది బాధితుల సమ్మతి ఉండవలెను. సేకరణకు ముందు దానివలన ప్రజల జీవనముపై పడు ప్రభావమును అంచనా వేయవలెను. తెలంగాణలో 2017 నాటి సవరణ చట్టము, గ్రామ విద్యుదీకరణతో సహా కొన్ని తరగతుల నిర్మాణములను ఈ అంచనానుండి మినహాయించుటకు ప్రభుత్వమునకు అధికార మిచ్చినది.

తీగకు దారి వేరు. తీగ క్రింది నేలను కొనరు, సేకరింపరు. విద్యుత్ చట్టము, 2003లోని 164వ సెక్షను ప్రకారము, ప్రసార సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టములోని అధికారములను ప్రభుత్వము ఇయ్యవచ్చును. ఆ అధికారముతో సంస్థ ఎవరి నేలపైనైనను తీగ లాగవచ్చును, టవరు నిలుపవచ్చును. నేలపై దానికి వాడుక హక్కు మాత్రమే వచ్చును. వీలైనంత తక్కువ నష్టము చేయవలెను. చేసిన నష్టమునకు పూర్తి పరిహార మియ్యవలెను. యజమాని అడ్డగించినచో జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరువుతో పని జరుపవచ్చును. పరిహారము చాలదని తోచినచో యజమాని జిల్లా జడ్జి వద్దకు పోవచ్చును. ఇట్టి అధికారము పొందిన సంస్థ యజమాని ముందస్తు సమ్మతి పొందనక్కరలేదని 2016లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము పాత టెలిగ్రాఫ్ చట్టమును తొలగించినను, విద్యుత్ మార్గముల విషయమున ఈ భాగము కొనసాగుటకు వీలు కల్పించినది.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. 1885లో టెలిగ్రాఫ్ తీగ యనగా సన్నని స్తంభముమీద సన్నని తీగ. దాని క్రింద ఇల్లు కట్టుకొన్నను పెద్ద ప్రమాదము లేదు. దానివలన నష్టమనగా స్తంభము పాతునపుడు త్రొక్కిన పైరు, నరికిన కొమ్మ. ఆ చట్టమునే 400 కిలోవోల్టుల మార్గమునకు వర్తింపజేసినప్పుడు, "నష్టము" అను మాటకు అర్థము మారవలసి వచ్చినది. చాలకాలము పైరునకును, చెట్లకును లెక్క కట్టుటయే ఆచారమైనది. నేల విలువ తగ్గుట లెక్కలోనికి తేలికగా రాలేదు. కేరళ విద్యుత్ బోర్డునకు సంబంధించిన వ్యాజ్యములో 2007లో సుప్రీంకోర్టు, నేల యున్న స్థలము, తీగ దానిపై ఎట్లు పోవుచున్నది, ఎంత నేల వాడుకకు పనికిరాకుండ పోయినది మొదలగువానిని చూచి ఒక్కొక్క సందర్భమున పరిహారము తేల్చవలెనని చెప్పినది.

ఒక రైతు లెక్క

2015 అక్టోబరు 15వ తేదీన కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ మార్గదర్శకములు వెలువరించినది. టవరు నాలుగు కాళ్ల నడిమి నేలకు దాని విలువలో నూటికి 85 వంతులు, తీగ క్రింది దారికి నూటికి 15 వంతులకు మించకుండ ఇయ్యవలెనని అవి చెప్పినవి. 2024 జూన్ 14వ తేదీన వాటిని మార్చి, టవరు నేలకు 200 వంతులు, దారికి 30 వంతులు చేసినారు. టవరు నేలను లెక్కించునప్పుడు నలువైపుల ఒక్కొక్క మీటరు అదనముగ కలుపవలెనని కూడ చెప్పినారు. ఇవి మార్గదర్శకములు. రాష్ట్రములు తమ మార్గముల విషయమున వాటిని స్వీకరింపవలసి యుండును.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసికొందము. ఒక రైతు చేనిలో 220 కిలోవోల్టుల టవరు ఒకటి వచ్చినది. చేనిమీదుగా 100 మీటర్ల పొడవున తీగ పోవుచున్నది. ఎకరము విలువ 20 లక్షల రూపాయలు. ఎకరమునకు 40 గుంటలు గనుక గుంట విలువ 50,000. టవరు పది మీటర్ల చదరమైనచో దాదాపు ఒక గుంట పట్టును. దారి 35 మీటర్లను 100 మీటర్లచే గుణించిన 3,500 చదరపు మీటర్లు, అనగా దాదాపు 35 గుంటలు. టవరుది పోగా 34 గుంటలు.

2015 లెక్కన టవరునకు 42,500, దారికి గరిష్ఠముగ 2,55,000, మొత్తము 2,97,500 రూపాయలు. 2024 లెక్కన, మీటరు అదనమును విడిచి చూచినను, టవరునకు 1,00,000, దారికి 5,10,000, మొత్తము 6,10,000 రూపాయలు. ఈ రెండు సందర్భములలోను దారి సొమ్మే టవరు సొమ్మునకు అయిదారు రెట్లు! టవరుకు మాత్రమే పరిహార మిచ్చి చేతులు దులుపుకొనుట ఎంతటి అన్యాయమో ఈ లెక్కయే చెప్పును. కనబడు నష్టము టవరు, కనబడని నష్టము తీగ నీడ. పెద్దది కనబడనిదే.

లాలాపేట వంటి చోట్ల

చేనిలో నూటికి 30 వంతులు న్యాయముగ తోచవచ్చును. పంట పండుచునే యుండును గదా! నగరమున ఆ లెక్క పనికిరాదు. ఉప్పల్, నాచారము పరిసరములలో ఒక కుటుంబము కూడబెట్టిన సొమ్ముతో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవుగల 200 గజముల ఇంటిస్థలము కొన్నదనుకొందము. అనగా సుమారు 9 మీటర్లు, 18 మీటర్లు. 35 మీటర్ల దారి దానిమీదుగా పోయినచో స్థలమంతయు ఆ దారిలోనే మునిగిపోవచ్చును. ఆ స్థలమున వరి వేయరు గదా! కట్టవలసినది ఇల్లు. అది కట్టరాదు. భౌతికశాస్త్రపు నియమము చేనిలోను, నగరములోను ఒకటే. నష్టము మాత్రము చేనిలో కొంత, నగరములో పూర్తి. దీనిని గుర్తించియే 2025 మార్చిలో అంతర్రాష్ట్ర మార్గములకై వెలువడిన అదనపు మార్గదర్శకములు దారి పరిహారమును మహానగరములలోను, మునిసిపల్ కార్పొరేషనులలోను నూటికి 60 వంతులు, మునిసిపాలిటీలు మొదలగు ఇతర పట్టణ ప్రాంతములలో 45 వంతులు చేసినవి.

అయినను లాలాపేటవంటి ఇరుకు పేటలలో డబ్బిచ్చినను నేల దొరకదు. అందుచే ఇంజనీర్లు నేలను తగ్గించు ఉపాయములు వెదకుచున్నారు. నాలుగు కాళ్ల టవరు బదులు ఒకే లావాటి గొట్టపు స్తంభమును రోడ్డు నడుమ నిలుపుట ఒకటి. రోడ్డు క్రింద కందకము త్రవ్వి భూగర్భ కేబులు వేయుట మరొకటి. ఉపకేంద్రమున గాలికి బదులు గంధకపు హెక్సాఫ్లోరైడు వాయువును మూసిన గొట్టములలో నింపి పరికరములను దగ్గరగా అమర్చుట ఇంకొకటి. ఈ వాయువు సాధారణ పీడనమున గాలికంటె రెండున్నర మూడు రెట్లు విద్యుత్తును నిరోధించును. హైదరాబాదు పడమటి ప్రక్క రాయదుర్గములో 400 కిలోవోల్టుల ఉపకేంద్రము ఈ పద్ధతిలోనే నిర్మింపబడినది.

ఈ ఉపాయములు ఏవియు ఉచితము కావు. భూగర్భ కేబులు ఖర్చు పై తీగకు ఎన్నో రెట్లు. దాని వేడి మట్టిలోనుండి తేలికగ పోదు. చెడిన చోటు కనుగొని బాగుచేయుట ఆలస్యము. హెక్సాఫ్లోరైడు వాయువు బయటికి కారినచో, బరువునకు బరువు చూచిన, భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువుకంటె ఇరువదివేల రెట్లకు పైగా బలమైనది. ఒకని నేలను కాపాడుటకు అందరి కరెంటు బిల్లును పెంచవలసి వచ్చును. ఎంతవరకు పెంచవచ్చునో తేల్చుట ఇంజనీరు పని మాత్రమే కాదు, పౌరులందరి పని.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు

ఈ పాఠమును తరగతిలోనే ముగింపనక్కరలేదు. దూరమునుండి ఒక హైటెన్షన్ మార్గమును చూచి, టవరుమీది సూచనపలకపై దాని పీడనమెంతో చదువవచ్చును. మధ్యాహ్నపు ఎండలోను, ఉదయపు చలిలోను తీగ ఎంత వ్రేలాడుచున్నదో పోల్చి చూడవచ్చును. గ్రామ పటముమీద 35 మీటర్ల వెడల్పు పట్టీ గీసి, దాని క్రింద ఎందరి పొలములు వచ్చునో లెక్కింపవచ్చును. టవరు ఎక్కరాదు, తీగ క్రింద పొడవైన కఱ్ఱ ఎత్తరాదు, గాలిపటము ఎగురవేయరాదు. మన వీధిలోని 11 కిలోవోల్టుల తీగకును ఇంటికి నడుమ ప్రక్కగా 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు ఖాళీ ఉండవలెనని గుర్తుంచుకొనవలెను. బాల్కనీ ముందుకు జరిపి కట్టినవారు ఆ ఖాళీని తామే చెరుపుకొనుచున్నారు.

చివరగా ఒక మాట. లాలాపేటలో దీపము వెలిగించిన విద్యార్థికి ఏ చేనిమీదుగా ఆ కరెంటు వచ్చినదో తెలియదు. ఆ చేని యజమాని లాలాపేటను ఎన్నడును చూచి యుండడు. ఇద్దరి నడుమ ఉన్న బంధము ఆ తీగయే. తీగకు నేల ఎంత కావలెనో శాస్త్రము చెప్పును. ఆ నేలకు మనమెంత ఋణపడి యున్నామో లెక్క కట్టునప్పుడు, ఆ కొలతనే నిజాయితీగా ముందుంచుకొనవలెను.